సెటిల్మెంట్ అయింది... జూన్ వచ్చింది

*విడాకుల కబురు వినగానే చుట్టాలంతా అడిగే మొదటి మాట: ‘ఎంతకు తెగింది?’ పిల్లల ఫీజు ఎవరు కడతారు, సంక్రాంతికి ఎక్కడుంటారు, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అన్నవి ఎవరూ అడగరు. అసలు బతుకు మొదలయ్యేది అక్కడే.*

హైదరాబాద్‌లో ఒక మాల్. రెండో శనివారం, ఉదయం పదకొండు గంటలు. ఫుడ్‌కోర్టులో మూల బల్ల దగ్గర ఒక తండ్రి షూ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తాతయ్య చెయ్యి పట్టుకుని పాప వచ్చింది. రెండో తరగతి. ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి. ‘ఎప్పుడు ఊడాయి తల్లీ?’ అన్నాడు. ‘చాలా రోజులైంది’ అంది పాప. అతను నేల మీద మోకాళ్లూని తనే షూ తొడగబోయాడు. మడమ దిగలేదు. పాప వేళ్లు ముడుచుకుని, బల్ల పట్టుకుని, పాదం లోపలికి నెట్టింది. అయినా దిగలేదు. ఆ సైజు ఆర్నెల్ల కిందటిది.

రెండు బల్లల అవతల కూర్చున్న తాతయ్య లేచి వచ్చి, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ‘స్కూలు ఫీజు బాబూ. మొదటి టర్మ్. అమ్మాయి మీకు చూపించమంది.’ అతను కాగితం చూసి, ‘అన్నీ కలిపే కదా మామయ్యగారూ అప్పుడు మాట్లాడుకున్నది’ అన్నాడు. పాత పిలుపు అలవాటుగా నోటికొచ్చింది. పెద్దాయన బదులు చెప్పలేదు. పాప ఇద్దరి మొహాలూ చూసింది. ‘షూ సరిపోయింది నాన్నా, బిగుతుగా లేదు’ అంది.

అతను మాట తప్పినవాడు కాదు. ఒప్పుకున్న మొత్తానికి ఒక్క రూపాయి తగ్గకుండా డీడీ తీసి ఇచ్చాడు. ఆమె అత్యాశకు పోయిన మనిషీ కాదు. పాప ఎల్‌కేజీలో ఉండగా పెద్దలంతా కూర్చుని, ‘అన్నీ కలిపి’ ఒక అంకె వేశారు. ఆ అంకెలో రెండో తరగతి లేదు. ఇంటర్ లేదు, పళ్లకు వేయించాల్సిన క్లిప్పులు లేవు, డెంగీ జ్వరం లేదు. ఇద్దరు మంచివాళ్లు విడిపోయినా పిల్లకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎందుకొస్తుందో ఆ ఒక్క అంకెలో ఉంది.

అయిదు కోట్లు గుర్తున్నాయి, కోటి గుర్తులేదు

2024 డిసెంబరులో భరణం గురించి మాట్లాడని ఇల్లు లేదు. కేసులతో విసిగిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బెంగళూరులో ప్రాణం తీసుకోవడం, అదే నెలలో సుప్రీంకోర్టు రెండు పెద్ద తీర్పులివ్వడంతో దేశమంతా రెండు జట్లుగా చీలి వాదించుకుంది. డిసెంబరు 10 నాటి తీర్పులో భార్యకు 5 కోట్ల శాశ్వత భరణం ఖరారైంది. భరణం తేల్చేటప్పుడు చూడాల్సిన ఎనిమిది అంశాలనూ ఆ తీర్పు చెప్పింది. ఇద్దరి హోదా, భార్యాపిల్లల అవసరాలు, చదువు, ఉద్యోగం, కుటుంబం కోసం వదులుకున్న ఉద్యోగం, భర్త మీద ఉన్న ఇతర బాధ్యతలు అందులో కొన్ని. డిసెంబరు 19న వచ్చిన మరో తీర్పులో 12 కోట్లు ఇప్పిస్తూనే, విడిపోయాక భర్త ఎంత ఎదిగితే అంతకు సమానంగా మాజీ భార్య సంపద ఉండాలని అడగడం కుదరదని కోర్టు స్పష్టం చేసింది.

ఈ అంకెలు ఊరూరా తిరిగాయి. మొదటి తీర్పులోనే, ఇంజినీరింగ్ పూర్తి చేసిన కొడుకు భవిష్యత్తు కోసం తండ్రి విడిగా కోటి రూపాయలు కేటాయించాలని ఉంది. ఆ వాక్యం గురించి మాట్లాడినవాళ్లు బహు తక్కువ. అమ్మకు ఇచ్చేది వేరు, బిడ్డకు ఇచ్చేది వేరు అని అత్యున్నత న్యాయస్థానం లెక్క విడదీసి చూపిస్తే, మనం మొదటి అంకె దగ్గరే ఆగిపోయాం.

పంచాయతీలో అంకె ఎలా పుడుతుంది

మన వైపు రాజీ ఎలా కుదురుతుందో చూసినవాళ్లకు తెలుసు. అటు నలుగురు, ఇటు నలుగురు, మధ్యలో ఇద్దరు పెద్దమనుషులు. అమ్మాయి తరఫువాళ్లు ఇచ్చిన కట్నం, పెట్టిన బంగారం, పెళ్లి ఖర్చు, పెట్టుపోతలు ఏకరువు పెడతారు. అబ్బాయి తరఫువాళ్లు 498ఏ వేధింపుల కేసు, గృహహింస కేసు (డీవీసీ), మనోవర్తి కేసు అన్నీ ఎత్తేస్తేనే మాట్లాడతామంటారు. కేసుల్ని ఒకవైపు, డబ్బును ఒకవైపు పెట్టి బేరం సాగుతుంది. రాత్రి పదింటికి అంకె తేలాక, అందరూ చెప్పులు వేసుకుంటున్న సమయంలో ఎవరో అంటారు: ‘మరి పిల్లాడో?’ ‘తల్లి దగ్గరే ఉంటాడు, ఆదివారాలు చూసి వెళ్తాడులే.’ అంతే, ఒక బిడ్డ పదిహేనేళ్ల జీవితం గుమ్మం దగ్గర తేలిపోతుంది.

చట్టం ఇంత తొందరపడమని చెప్పలేదు. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకార విడాకులకు కనీసం ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక మరో ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే కోర్టు ఈ ఆరు నెలలను మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టుకుంటూ, తిట్టుకుంటూ బతుకుతున్నవాళ్లకు అది నిజంగా ఊరట. అయితే పిల్లలున్న ఇంట్లో ఆ ఆరు నెలలు పనికొచ్చే గడువు. ఆ వ్యవధిలో కూర్చుని రాసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టులను ఏర్పరచిన 1984 చట్టం కూడా ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అనే చెబుతుంది. కాగితం మీద రెండు సంతకాలు రాబట్టడంతో ఆ బాధ్యత తీరిపోదు.

ఒప్పందాల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: ‘ఇకపై ఎలాంటి క్లెయిములూ ఉండవు.’ భార్యాభర్తల మధ్య దాని విలువ ఎంతన్నది లాయర్లు వాదించుకోవచ్చు. తల్లి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ మనోవర్తి హక్కు పోదని కోర్టులు చెబుతూ వచ్చాయి. బిడ్డకు ఆ హక్కు సొంతంగా ఉంది.

పల్లెల్లో ఇంకో చిక్కు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, సాక్షుల చేత సంతకాలు పెట్టించి విడాకులైపోయాయనుకుంటారు. వాళ్ల కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం దాన్ని గుర్తించదు. అతను మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. ఈమె మాత్రం కాగితాల ప్రకారం ఇంకా భార్యే. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టిందంటే, భర్త నుంచి పైసా రాని ఆడవాళ్లు పల్లెల్లో ఎందరున్నారో ఊహించుకోవచ్చు.

ఇల్లు ఎవరిది, ఈఎంఐ ఎవరిది?

పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరికీ చెందుతుందని చాలామంది నమ్మకం. గోవాను పక్కన పెడితే మన దేశంలో అలాంటి చట్టం లేదు. దస్తావేజులో ఎవరి పేరుంటే ఆస్తి వారిది. పదేళ్లు ఉద్యోగం మానేసి, పిల్లల్ని పెంచి, అత్తమామలకు వండిపెట్టిన ఇల్లాలికి ఆ ఫ్లాటులో వాటా రాదు. వచ్చేది భరణమే. ఇది మార్చాల్సిన చట్టమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇద్దరి పేరనా ఉన్న ఫ్లాటుది మరో కథ. హోమ్‌లోన్ ఇద్దరూ కలిసి తీసుకుని ఉంటారు. ‘ఇల్లు ఆమెకు, అప్పు అతనికి’ అని రాజీ పత్రంలో రాసుకుంటారు. బ్యాంకుకు ఆ పత్రంతో పనిలేదు. బ్యాంకు ఒప్పుకుని రుణ పత్రాల్లో పేరు తీసేదాకా ఇద్దరూ బాకీదారులే. అతను రెండు కిస్తీలు ఎగ్గొడితే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. రేపు పిల్లాడి చదువుకు రుణం అడిగేటప్పుడు ఆ దెబ్బ తగులుతుంది.

బంగారం సంగతి చట్టంలో తేటగా ఉంది. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, బంధువులు అమ్మాయికి పెట్టినది స్త్రీధనం, పూర్తిగా ఆమె సొత్తు. కోస్తా జిల్లాల్లో పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలమూ అంతే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి చెప్పింది. విడాకులు తీసుకున్న కూతురి స్త్రీధనం తిరిగి ఇవ్వాలని ఆమె తండ్రి కేసు పెట్టాడు. కూతురు ఉండగా, ఆమె అధికారం ఇవ్వకుండా, అడిగే హక్కు కన్నతండ్రికి కూడా లేదంది కోర్టు. పెళ్లి ఆల్బమ్‌లో మెడలో కనిపించే హారం లాకర్‌లో కనిపించకపోతే పోరాటం కష్టమవుతుంది. బిల్లులు, ఫోటోలు దాచుకోవాలని చెప్పేది అందుకే.

ఆదాయం దాచడం రెండు వైపులా జరుగుతుంది. కేసు వేయగానే అతని జీతం సగమవుతుంది, ప్లాటు తమ్ముడి పేరుకు మారుతుంది. చేస్తున్న ఉద్యోగం గురించి ఆమె పిటిషన్లో రాయదు. దీనికి విరుగుడుగా 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ ఆర్.సుభాష్‌రెడ్డి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్కించాలి. ఉద్యోగం చేయగల అర్హత ఉన్నంత మాత్రాన భార్య సంపాదిస్తున్నట్టు కాదని 2017లోనే మరో తీర్పు వచ్చింది. భర్తకు ఆదాయం లేక, భార్యకు ఉంటే, హిందూ వివాహ చట్టం కింద అతనూ అడగవచ్చు.

> సంతకానికి ముందు ఒకసారి...
>
> ■ ఎల్‌ఐసీ, ఈపీఎఫ్, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు విడాకులతో దానంతట అదే మారదు. విడిగా దరఖాస్తు పెట్టి మార్పించాలి.
>
> ■ కుటుంబ ఆరోగ్య బీమాలో పిల్లలు ఎవరి పాలసీలో ఉంటారు, ప్రీమియం ఎవరు కడతారు అన్నది రాసుకోవాలి.
>
> ■ పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే 15 ఏళ్ల పాటు ఏటా కనీసం 250 రూపాయలైనా కట్టాలి. ఎవరు కడతారు, పాస్‌బుక్ ఎవరి దగ్గర అన్నది తేల్చుకోవాలి.
>
> ■ ఒకేసారి తీసుకునే భరణానికీ నెలనెలా వచ్చే భరణానికీ ఆదాయపు పన్ను లెక్క ఒకటి కాదు. ఆడిటర్‌ను అడగండి.
>
> ■ జాయింట్ ఖాతాలు, ఏటీఎం, క్రెడిట్ యాడ్-ఆన్ కార్డులు మూసేశాకే చివరి సంతకం.

పద్దెనిమిది నిండాకే అసలు ఫీజు

‘జీతంలో నాలుగో వంతు’ అన్న మాట ఫ్యామిలీ కోర్టు వరండాల్లో తరచూ వినిపిస్తుంది. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం సమంజసమని సుప్రీంకోర్టు అన్నది నిజం. అది అన్ని ఇళ్లకూ వర్తించే కొలబద్ద కాదు. వృద్ధ తల్లిదండ్రులు, అప్పులు, పిల్లల సంఖ్య బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మతం ఇక్కడ అడ్డు కాదు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరిలాగే మనోవర్తి కోరవచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. అదీ తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుంటే మళ్లీ కోర్టు మెట్లెక్కే పని లేదు, అతని మొహం చూడక్కర్లేదు. పుట్టింటివాళ్లు ఎక్కువగా దీనికే మొగ్గు చూపుతారు. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. తమ్ముడి వ్యాపారంలోకి, నాన్న అప్పులోకి, చెల్లి పెళ్లిలోకి. మూడేళ్లు తిరిగేసరికి ఆమె చేతిలో ఏమీ ఉండదు. ‘నీ దగ్గర డబ్బుందిగా’ అన్న మాట మాత్రం ఉంటుంది. పిల్లల వాటాను విడిగా వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించమని ఒప్పందంలోనే రాయించుకుంటే ఈ అవస్థ తప్పుతుంది.

నెలనెలా తీసుకుంటే ధరలతోపాటు పెరగాలి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసులో నెలకు 50 వేలు నిర్ణయించి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలని తీర్పులోనే రాసింది. మన రాజీ పత్రాల్లో ఇలాంటి వాక్యం అరుదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: పాత సీఆర్‌పీసీ 125, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 144 సెక్షన్ కింద వచ్చిన మనోవర్తి బకాయి పడితే, బాకీ పడిన ఏడాదిలోగా కోర్టులో అడగాలి. ‘ఇస్తాడులే’ అని ఓపిక పడితే ఆ దారిలో వారంట్ వేయించే అవకాశం చేజారుతుంది.

అన్నిటికన్నా పెద్ద గుంట వయసు దగ్గర ఉంది. ఆ సెక్షన్ కింద ఆరోగ్యంగా ఉన్న కొడుకు మనోవర్తి 18 ఏళ్లతో ఆగిపోతుంది. మన పిల్లలు ఇంటర్ పాసై, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో బీటెక్ సీటు తీసుకునేది సరిగ్గా అప్పుడే. అంటే నాలుగేళ్ల ఫీజు, హాస్టలు మొదలయ్యే నెలలో తండ్రి బాధ్యత కాగితం మీద ముగుస్తుంది. 2021లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ లోపాన్ని గుర్తించి, కొడుకు మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా తండ్రి ఇవ్వాలంది. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే, 18 దాటినా హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద తండ్రిని అడగవచ్చని 2020లో చెప్పింది. ఇవన్నీ కోర్టుకెక్కి గెలుచుకున్నవి. ‘డిగ్రీ పూర్తయ్యేదాకా’ అన్న రెండు మాటలు మొదటి ఒప్పందంలోనే ఉంటే, ఏ పిల్లాడూ కన్నతండ్రి మీద కేసు వేసి చదువుకోవాల్సిన అవసరం ఉండదు.

ఓణీల ఫంక్షన్‌లో పీటల మీద ఎవరు?

అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. ఆ తర్వాత ఎవరి దగ్గరన్నది బిడ్డ క్షేమం చూసి కోర్టు నిర్ణయిస్తుంది. బిడ్డకు తెలివిగా చెప్పగల వయసుంటే జడ్జి ఛాంబర్లోకి పిలిచి అడుగుతారు. ఆ ముందురోజు రాత్రి ఇంట్లో జరిగే పాఠం గురించి ఆలోచించండి. ‘జడ్జిగారు అడిగితే నాన్న కొట్టేవాడని చెప్పు.’ ‘అమ్మ ఎప్పుడూ ఫోన్లోనే ఉంటుందని చెప్పు.’ ఏడేళ్ల పిల్లాడు సాక్షి అవుతాడు. ఒకరి మీద ద్వేషం నూరిపోయడం బిడ్డ మనసుకు చేసే హాని గురించి 2017లో సుప్రీంకోర్టు ఒక కస్టడీ తీర్పులో వివరంగా చర్చించింది. దీన్ని హింసగా చూసే కుటుంబాలు మనలో ఇంకా తక్కువ.

తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కు అని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కలిసే వీలు లేనప్పుడు వీడియో కాల్ ద్వారా మాట్లాడించాలంది. అంతకు ముందే, 2015లో లా కమిషన్ 257వ నివేదికలో ఉమ్మడి పెంపకాన్ని చట్టంలోకి తేవాలని సిఫార్సు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. అందుకే ‘నెలలో రెండు శనివారాలు, రెండేసి గంటలు’ అన్న ఆర్డరులో నాన్న ఇమిడిపోవాల్సి వస్తోంది. రెండు గంటల నాన్నకు షూ సైజు ఎలా తెలుస్తుంది?

కోర్టు ఆర్డర్లలో లేని రోజులే పిల్లల్ని ఎక్కువ బాధపెడతాయి. సంక్రాంతికి భోగిపళ్లు ఎవరింట్లో పోస్తారు? పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఇద్దరూ వస్తే ఎక్కడ కూర్చోవాలి? పాప ఓణీల ఫంక్షన్‌కు నాన్నమ్మను పిలవాలా, వద్దా? పీటల మీద అమ్మ పక్కన మేనమామ కూర్చుంటే, మంటపం వెనక వరసలో కూర్చున్న నాన్న వైపు ఆ పిల్ల ఎన్నిసార్లు చూస్తుందో ఫోటోగ్రాఫర్‌ను అడిగితే చెబుతాడు.

నాన్నమ్మ, తాతయ్యల గురించి ఎవరూ మాట్లాడరు. మనవడిని చూడటానికి వాళ్లకంటూ ప్రత్యేక హక్కు మన చట్టాల్లో రాసిలేదు. కొడుకు విడాకులతో వాళ్లూ మనవడిని పోగొట్టుకుంటారు. వేసవి సెలవుల్లో పది రోజులు ఆ ఇంటికి పంపాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయడానికి ఎవరి డబ్బూ ఖర్చుకాదు.

> కాగితాల్లో అమ్మ పేరు చాలు
>
> ■ 2016 డిసెంబరులో సడలించిన నిబంధనల ప్రకారం పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి లేదా తండ్రి, ఒక్కరి పేరిచ్చినా సరిపోతుంది.
>
> ■ తల్లి ఒంటరిగా పెంచుతుంటే పాన్ కార్డుకు తండ్రి పేరు తప్పనిసరి కాదు. 2018 డిసెంబరు నుంచి ఈ మార్పు వచ్చింది.
>
> ■ భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలో తనే నిర్ణయించవచ్చని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డుల్లో ‘సవతి తండ్రి’ అని రాయాలన్న హైకోర్టు ఆదేశాన్ని తప్పుబట్టింది.

డాలస్‌లో ఒక లెక్క, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లెక్క

ఇప్పుడు తెలుగు కుటుంబాల విడాకుల్లో చాలావాటికి రెండో చివర అమెరికాలో ఉంటోంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తి ఇద్దరిదీ అన్న దగ్గర లెక్క మొదలవుతుంది. ఇక్కడ దస్తావేజులో పేరు చూస్తారు. కేసు ఎక్కడ ముందు పడితే లాభమా అని రెండు వైపులా పరుగులు పెట్టేది అందుకే. హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు విడాకులతోపాటే అక్కడ ఉండే హోదా పోతుంది. అక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం పౌరసత్వం ఉంటుంది. పదహారేళ్లలోపు వాళ్ల పాస్‌పోర్టుకు ఇద్దరి సమ్మతీ కావాలి.

అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులన్నీ ఇక్కడ చెల్లవు. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంటలో భర్త అమెరికాలోని మిస్సోరిలో డిక్రీ తెచ్చుకుంటే, 1991లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అలాంటి డిక్రీ చెల్లాలంటే ఇక్కడి వివాహ చట్టం గుర్తించే కారణం ఉండాలి, రెండో వ్యక్తి ఆ కోర్టు ముందుకు వచ్చి వాదించుకుని గానీ, సమ్మతించి గానీ ఉండాలి. బిడ్డను తీసుకుని చెప్పకుండా ఇండియా వచ్చేస్తే మరో చిక్కు. పిల్లలను దేశం దాటించడంపై 1980లో వచ్చిన హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అక్కడి ఆర్డరు ఎలా ఉన్నా, ఇక్కడి కోర్టు బిడ్డ క్షేమాన్ని తనే విడిగా చూస్తుందని 2017లో సుప్రీంకోర్టు అంది. ఈలోగా ఏళ్లు గడుస్తాయి, బిడ్డ ఒక భాష మరిచిపోయి ఇంకోటి నేర్చుకుంటుంది.

విన్నపం

రాజీ పత్రం రాయించుకుంటున్న దంపతులకు, రాస్తున్న లాయర్లకు, పక్కన కూర్చున్న పెద్దలకు ఒక మాట. అంకె తేల్చే ముందు రెండు తెల్లకాగితాలు తీసుకోండి. ఒకదాని మీద బిడ్డ డిగ్రీ చేతికొచ్చేదాకా ఏ ఏడాది ఎంత ఖర్చవుతుందో, ఎవరెంత పెట్టుకుంటారో రాయండి. ఇంకోదాని మీద సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, పుట్టినరోజు, పరీక్షల నెల, ఆస్పత్రి, ఫోన్ వేళలు, రెండు వైపుల అమ్మమ్మలు నాన్నమ్మలు తాతయ్యలు... అన్నీ రాయండి. ఆ రెండు కాగితాలనూ పిటిషన్‌తోపాటు జతచేసి కోర్టు ముద్ర వేయించండి. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100.